అత్త చూసినంత సినిమా

గత బుధవారం ఉదయం ఇక్కడ మలేషియాలో, బంటింగ్‌లో మా మేనత్త పోయింది. ఫోన్ చేసింది ఆవిడ కోడలు. "అత్త ఎల్లిపోనాది వదినా. కాపీ అడిగినాది, కలిపి తెచ్చేసరికి నేదు. బేగి రా" అంది. నేనుండే క్లాంగ్ నుంచి బస్సులో గంట దారి. ఆ గంటసేపూ నాకు ఏడుపు రాలేదు. కాఫీ తాగకుండా పోయిందే అన్న దిగులు మాత్రం పట్టుకుంది. పొద్దున్నే కాఫీ కోసం మూడుసార్లు కేకేసి, తీరా వచ్చాక వేడి చాలలేదని వెనక్కి పంపే మనిషి. ఆ రోజు ఒక్కసారి అడిగి ఊరుకుందట.

నేను వెళ్ళేసరికి వాకిట్లో టెంటు కింద జనం నిండిపోయారు. ఫ్యాక్టరీ షిఫ్టు దిగి యూనిఫారంతోనే వచ్చిన కుర్రవాళ్ళు, మోటార్‌సైకిళ్ళ మీద దూరం నుంచి వచ్చిన ముసలివాళ్ళు. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగని ఒక అమ్మాయి నా పక్కన కూర్చుని, ఈ పాట్టి, అంటే ఈ అవ్వ, ఏ సినిమాలో నటించిందని తమిళంలో అడిగింది. నటించలేదమ్మా, చూసింది అన్నాను. చూడటంలో గొప్పేముంది అన్నట్టు మొహం పెట్టి ఫోన్ తీసుకుంది. దాని తప్పు లేదు. ఆ చుట్టుపక్కల నాలుగు రబ్బరు తోటల్లోనూ ఆవిడకి 'సినిమా అత్త' అన్న పేరు అలా స్థిరపడిపోయింది, ఎందుకో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువైపోయారు.

మా అత్త జన్మలో ఒకే ఒక్క సినిమా గురించి మాట్లాడింది. ఆ సినిమా ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. అత్త గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే దాని గురించి రాయక తప్పడం లేదు. దాని విషయంలో నేను చేసిన తప్పు గురించీ రాయక తప్పదు. ఆవిడ బతికుంటే ముందు అదే రాయమనేది.

అవి మలయాలో ఎమర్జెన్సీ రోజులు, అడవుల్లో దాగిన కమ్యూనిస్టులతో తెల్లదొరల సర్కారు పోరాడుతున్న కాలం. మా వాళ్ళందరూ రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే కూలీలు. లైను ఇళ్ళన్నిటినీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి చేరకూడదని, పనిలోకి వెళ్ళేవాళ్ళని గేటు దగ్గర తడిమి చూసేవాళ్ళు. వండిన అన్నం ముద్దైనా బయటికి పోనిచ్చేవాళ్ళు కాదు. సాయంత్రం ఆరింటికి గేటు మూస్తే మళ్ళీ తెల్లారి పనివేళకే తెరవడం. మా అత్తకి అప్పుడు ఇరవై ఏళ్ళు. దొర బంగళాలో పిల్లల్ని చూసే ఆయా పని. నేను అప్పటికి పుట్టనే లేదు.

ఆ తోటకి ఒకనాడు పెనాంగ్ నుంచి ఒక తమిళ ముస్లిం పెద్దాయన లారీ మీద సినిమా యంత్రం వేసుకుని వచ్చాడు. చేత్తో తిప్పే పాతకాలం యంత్రం, అయిదు రేకు డబ్బాల్లో ఒక సినిమా. చీకటి పడ్డాక ఆడిద్దామంటే కర్ఫ్యూ. ఆరు లోపల ముగించేట్టయితే సరేనన్నాడు దొర. అందుకని రబ్బరు షీట్లు నిలవచేసే గోదాము తలుపులు బిగించి, కిటికీలకి గోనెసంచులు కట్టి, మధ్యాహ్నం మూడింటికి చీకటి చేశారు. రబ్బరు కంపు, ఉక్క, చంకల్లో పసిపిల్లలు. "సినిమా సూస్తన్నామో, ఆవిరి మీద ఉడుకుతున్నామో తెల్దు" అనేది అత్త.

అది మాటలు రాని సినిమా. మధ్యమధ్య తెరమీద ఇంగ్లీషులో రాత వస్తుంది. అది చదివి జనానికి చెప్పే మనిషొకరు కావాలి. ఏ తోటకు వెళ్ళినా ఆ పని అక్కడి డ్రెస్సర్ చేసేవాడట, అంటే తోట ఆసుపత్రిలో కట్లు కట్టి మందులిచ్చే ఆయన. ఆ పూటే పక్క డివిజన్లో లారీ మీద కాల్పులు జరిగాయని మా డ్రెస్సర్‌ని జీపు ఎక్కించి తీసుకుపోయారు. జనం కూర్చున్నారు, యంత్రం సిద్ధం, చదివేవాడు లేడు. కూలీలని అజమాయిషీ చేసే మండోరు చుట్టూ చూసి మా అత్తని లేపాడు. "నువ్వు దొరసానితో ఇంగ్లీసు మాట్లాడతావు గదేటి. నువ్వు సెప్పు" అన్నాడు. పాల బాల్చీ బోర్లించి ఎక్కించారు. అత్త ఆ బాల్చీ మీద నిలబడి, గంటా పావుసేపు, ఒక్క చోట తడబడకుండా ఆ సినిమా మొత్తం తెలుగులో చెప్పింది. మా తోటలో అదొక పెద్ద కథ.

సినిమా కథ ఇదీ. అమెరికాలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అందరూ నల్లవాళ్ళే. దుకాణదారు నల్లవాడు, పోలీసు నల్లవాడు, గుమ్మంలో నిలబడి నవ్వే పిల్ల నల్లది. తెరమీద తెల్లటి మొహాలకే అలవాటుపడ్డ మా జనం ఇది చూసి మొదట నవ్వారట, తరవాత నోళ్ళు మూసుకున్నారట. ఊరి బట్టలుతికి బతికే ఒకావిడ ఉంటుంది. ఒక ముసలి షావుకారు తన కొట్లోనే చచ్చి పడి ఉంటాడు. పక్కన సుత్తి. ఆ సుత్తి ఈవిడ మొగుడిది. అతన్ని పట్టుకుపోతారు. నాలుగు రోజుల తరవాత ఊరి పెద్దమనిషి ఇంటి నుంచి వచ్చిన మూటలో ఒక చొక్కా. దాని చేతి పట్టీ మీద ఎంత ఉతికినా పోని మరక. ఈవిడ ఆ చొక్కా దాచి, కోర్టుకి పట్టుకుపోయి జడ్జీ ముందు పరుస్తుంది. జడ్జీ తలూపి, అమ్మా నీ మొగుడు నిర్దోషి, నీకంటే ముందే ఇంటికి పోయి ఉంటాడు చూసుకో అంటాడు. ఈవిడ సందులో నడుచుకుంటూ పోతుంది. ఇంట్లో అతను అప్పటికే పొయ్యి వెలిగించి, అన్నం వార్చి, ఎండుచేప వేయిస్తూ ఉంటాడు.

అమెరికాలో ఎండుచేప వేయించుకుంటారా అని మా తోటలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, డెబ్భై ఏళ్ళు వచ్చేదాకా.

తలుపు దగ్గర కాపలా ఉన్న మలాయ్ కానిస్టేబుల్ తెలుగు ముక్క రానివాడైనా కథ మొత్తం చూశాడట. అయిపోయాక అత్త దగ్గరికొచ్చి, "దియా బాలిక్?" అన్నాడట. అతను ఇల్లు చేరాడా అని. "బాలిక్, బాలిక్" అంది అత్త. అతను తుపాకీ భుజానికి తగిలించుకుని మొహం తుడుచుకున్నాడట.

సినిమాయన అయిదున్నరకే యంత్రం లారీ ఎక్కించాడు. డబ్బాలు మాత్రం గోదాములో వదిలాడు. గేటు దగ్గర ఫిల్ము చుట్టలన్నీ విప్పించి చూస్తారు, ఆరు దాటిపోతుంది, వచ్చే నెల పట్టుకుపోతాను అన్నాడు. మళ్ళీ రాలేదు. అతనికి ఏమైందో ఎవరికీ తెలియదు. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగూడు పక్కన వేడికి ఆ డబ్బాల్లో సినిమా బెల్లం పాకంలా కరిగి, ఉతకని మేజోళ్ళ కంపు కొట్టడం మొదలైంది. అంటుకుంటే నీళ్ళకి కూడా ఆరదని ఎవరో చెబితే దొర భయపడి అయిదు డబ్బాలనీ చెట్ల మధ్య గొయ్యి తీసి పూడ్పించాడు. పూడ్చే ముందు అత్త బతిమాలి ఒక మూత అడిగి తెచ్చుకుంది. ఆ మూత మీద ఒక అచ్చుకాగితం అతికించి ఉంది, దాని మీద కుర్చీలో కూర్చున్న ఒక నల్లావిడ బొమ్మ. "ఇంద అమ్మా దాన్ పడం ఎడుత్తదు" అని సినిమాయన చెప్పాడట, ఈవిడే ఈ సినిమా తీసిందని. గంజి నీళ్ళలో నానబెట్టి ఆ కాగితం ఊడదీసి, అత్త తన రేకు పెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకుంది.

ఒక సినిమా మనిషికి ఏం చేస్తుందో మా అత్తని చూసి తెలుసుకోవాలి. చొక్కా ఏదైనా సరే, నానబెట్టే ముందు చేతి పట్టీలు తిప్పి వెలుతురుకి పెట్టి చూసేది. మా మావయ్య మండిపడేవాడు. "ఎవుర్ని సంపినానని సూస్తన్నావే?" అనేవాడు. "సంపినోడెవడూ సెప్పడు, పట్టీ సెప్తాది" అనేది. అది నవ్వులాటగా పైకి కనిపించేది. కాని పితూరీలు చెప్పేవాళ్ళకి మాత్రం ఆవిడ దగ్గర నవ్వులాట సాగేది కాదు. పలానా పిల్ల పలానావాడితో కనిపించిందని ఎవరైనా మొదలుపెడితే, చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా, "నువ్వు సూసినావా, ఇన్నావా?" అనేది. విన్నానంటే, "అయితే కాపీ తాగి ఎల్లు" అనేది. చూశానన్నవాళ్ళని, ఎక్కడ నిలబడి చూశావు, మధ్యలో ఏం అడ్డం ఉంది అని అడిగేది. గోరంతని కొండంత చేసుకుని వచ్చినవాళ్ళు గోరంతే మిగుల్చుకుని వెళ్ళేవాళ్ళు. ఆవిడకి ఆ పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నా మొదటి జ్ఞాపకం మెర్దేకా రోజు, మలయాకి స్వాతంత్ర్యం వచ్చిన రోజు. తోటలో ఆటల పోటీలు, తోట లెక్కలు రాసే కిరాణి ఇంటి వసారాలో రేడియో, పిల్లలకి తలో సీసా ఆరెంజ్ నీళ్ళు. మధ్యాహ్నం ఆటలు అయిపోయి పిల్లలం గోల చేస్తూంటే, అత్త లైను గోడకి తెల్ల దుప్పటి ఒకటి కట్టింది. దుప్పటి మీద ఏమీ లేదు. చీపురుపుల్లతో దాన్ని చూపిస్తూ సినిమా చెప్పడం మొదలుపెట్టింది. ఇదిగో ఈ మూల కొట్టు, ఇక్కడ ముసలాయన పడున్నాడు, అదిగో ఆయమ్మ మూట దించినాది. మేమందరం పుల్ల ఎటు తిరిగితే అటు తలలు తిప్పాం. పెద్దవాళ్ళు కూడా వచ్చి వెనక నిలబడ్డారు. చివర్లో ఎండుచేప వేగే దగ్గరికి వచ్చేసరికి నాకు వాసన కూడా వచ్చింది. చాలా ఏళ్ళ పాటు ఆ సినిమా నేను చూశాననే అనుకున్నాను. స్నేహితురాళ్ళతో పందెం కాసి మరీ చెప్పాను.

ఆ మరుసటి ఏడు నేను ఒకటో తరగతిలో చేరాను. నా ఇంగ్లీషు వాచకం రోజూ సాయంత్రం మాయమయ్యేది. చూస్తే అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని వేలు పెట్టి అక్షరాలు కూడబలుక్కుంటూ ఉండేది. నాకు చదువు చెప్పడానికి తయారవుతోందనుకుని మురిసిపోయాను. ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడ్డ మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, నా వెనకే ఒకటో తరగతి, రెండో తరగతి, మూడో తరగతి పుస్తకాలన్నీ చదివేసింది. తోటలో ఇంగ్లీషు సినిమా చదివి చెప్పిన మనిషికి పిల్లి, కుక్క పాఠాలెందుకన్న ప్రశ్న నా బుర్రకి తట్టలేదు. పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ తట్టలేదు.

ఇక నా తప్పు సంగతి. నాలుగేళ్ళ కిందట, యూనివర్సిటీలో చదివే మా మనవరాలు అత్త పెట్టెలోని కాగితం ఫోటో తీసి ఇంటర్నెట్‌లో వెతికింది. ఆ బొమ్మలో ఉన్నావిడ అమెరికాలో అందరికంటే ముందు సినిమాలు తీసిన నల్లజాతి ఆడవాళ్ళలో ఒకరని తేలింది. ఆవిడ తీసిన నేర కథ ఒకటి ఉందట. ఒక్క కాపీ కూడా మిగలలేదట. పాత పత్రికలో నాలుగు వాక్యాలు తప్ప ఇంకేమీ దొరకలేదట. ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి, చాకలి స్త్రీ ఒక చొక్కాతో కోర్టుకు వస్తుందని. ఇలాంటి పాత సినిమాల కోసం వెతికే ఒకావిడ అమెరికాలో ఉంది. మనవరాలు ఆమెకి రాసింది. ఆమె అదే రోజు జవాబిచ్చింది: ఆ సినిమా చూసిన మనిషి బతికే ఉన్నారా?

నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. క్లాంగ్‌లో ఒక ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా ఉత్తరాలు టైపు చేసిన మనిషిని. కూర్చుని అత్త సినిమా మొత్తం, బాల్చీ దగ్గర్నుంచి ఎండుచేప దాకా, ఇంగ్లీషులో రాసి పంపేశాను. అత్తని అడగలేదు. అడగడమేమిటి, నాకు నోటికి వచ్చిన కథే కదా. అటు నుంచి పొగడ్తలు, ప్రశ్నలు, పుస్తకంలో వేస్తామన్న కబురు. ఇటు మన తెలుగువాళ్ళు సభ పెట్టి శాలువా కప్పుదామని మాట. అప్పుడు వెళ్ళి, నేను రాసింది తెలుగులో చెప్పి అత్తకి వినిపించాను. ఆవిడ నెత్తళ్ళు ఒలుస్తోంది. ఒక్కొక్క చేపకీ తల గిల్లి పక్కన పడేస్తూ చివరిదాకా విన్నది.

"పంపీసినావా?" అంది.

"పంపీసినాను."

"ఎనక్కి తెప్పించు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "నాకు ఆ పొద్దు సదువు రాదే గుంటా" అంది. "దొరసాని పిల్లల్ని ఎత్తుకోడానికి ఇంగ్లీసు మాట సాలు. రాత ఎవుడికి తెల్సు? బాల్చీ ఎక్కించేసినారు. అందురూ నా మొకమే సూస్తన్నారు. రాదు అనడానికి సిగ్గేసినాది. బొమ్మ సూసి నోటికొచ్చింది సెప్పుకుంటూ పోనాను."

"కథ అంతా?"

"బొమ్మలు ఆయమ్మవి. మాటలు నావి. జడ్జీ ఏటన్నాడో నాకు తెల్దు. పొడుగ్గా ఓ రాత వచ్చినాది. అది సదివితే గదా. ఆ రాత అవ్వగానే ఇనప గేటు ఒకటి మూసుకున్నాది. ఆడు లోపలున్నాడో బయటున్నాడో కూడా సరిగా అవుపించలేదు."

మరి ఇంటికొచ్చి అన్నం వండాడని ఎందుకు చెప్పావని అడిగాను. అప్పుడు చెప్పింది, డెబ్భై ఏళ్ళలో ఎవరికీ చెప్పనిది. ఆ సినిమా ఆడటానికి మూడు వారాల ముందు, మూడో లైనులో ఒకతన్ని అడవివాళ్ళకి బియ్యం ఇచ్చాడన్న అనుమానం మీద తీసుకుపోయారు. అతని భార్య పసిపిల్లతో ముందు వరసలో, బాల్చీకి ఎదురుగా కూర్చుంది. తెరమీద మొగుణ్ణి పట్టుకుపోయినప్పటి నుంచి ఆమె తెర చూడటం మానేసి అత్తనే చూసింది. "ఆ కళ్ళకి నాను ఏటి సెప్పగల్ను? వచ్చీసినాడని సెప్పినాను. పొయ్యి ఎలిగించినాడని సెప్పినాను" అంది అత్త.

ఆ మనిషి తిరిగి రాలేదు. ఓడ ఎక్కించి ఇండియా పంపేశారు. విశాఖపట్నం నుంచి ఒక ఉత్తరం వచ్చింది, తరవాత అదీ లేదు. ఎన్నో ఏళ్ళ తరవాత ఆమె కూతురి దగ్గరికి కౌలాలంపూర్ వెళ్ళిపోతూ అత్తని చూడటానికి వచ్చి, "నాకూ కళ్ళున్నాయి గదేటి. గేటు మూసీడం నానూ సూసినాను. అయినా నువ్వు సెప్తా ఉంటే ఇన్నాను" అందట. కోపంగా అనలేదట. కాఫీ తాగి, చెయ్యి పట్టుకుని వెళ్ళిందట. ఆ మాట తరవాత అత్త ఇంక ఎప్పుడూ సినిమా చెప్పలేదు. అవును, నాకు అప్పుడే గుర్తొచ్చింది. నా పిల్లలు ఎంత అడిగినా, మీ అమ్మకి తెలుసు, అమ్మని అడగండి అనేది.

ఇంత విన్నాక బుద్ధున్నవాళ్ళెవరైనా ఊరుకుంటారు. నాకు మాత్రం నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "ఇప్పుడెందుకత్తా ఇదంతా" అన్నాను. "ఎవరికి నష్టం? ఆ సినిమా లేదు, తీసినావిడ లేదు. నీ కథ బాగుంది. ఉండనీ." శాలువా మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"పోనోళ్ళకి నోరు నేదు గదే" అంది అత్త. "మనం ఏటి సెప్తే అదే ఆళ్ళు సెప్పినట్టు అయిపోతాది. ఆయమ్మ ఎంత కష్టపడి తీసినాదో. నా ఎండుసేప తీసుకెళ్ళి ఆయమ్మ పొయ్యి మీద పెడతావేటి?"

నేను అలిగి వచ్చేశాను. రెండు నెలలు ఫోన్ చేయలేదు. తొంభై ఏళ్ళ మనిషితో అలిగి రెండు నెలలు పోగొట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ తరవాత ఆవిడకి గుండె నీరసించి మంచాన పడిందని కోడలు కబురు పెట్టింది. వెళ్ళగానే అత్త అడిగిన మొదటి మాట, "ఆ అమెరికా పిల్లతో మాట్లాడించు. నాను ఉండగానే."

మనవరాలు ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి వీడియో కలిపింది. అటువైపు నడివయసు నల్లావిడ, కళ్ళజోడు, ముందర కాగితాల దొంతర. అత్తని చూసి రెండు చేతులూ జోడించింది, ఎవరో నేర్పినట్టున్నారు. నేను మధ్యలో కూర్చున్నాను, ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేయడానికి.

"ముందు సెప్పు, ఆ పొద్దు నాకు సదువు రాదని" అంది అత్త.

నేను నోరు తెరిచి, చాలా కాలమైంది కదా, ఆవిడకి కొన్ని సరిగా గుర్తు లేవంటున్నారు అని ఇంగ్లీషులో చెప్పాను. నిజంగా అలాగే చెప్పాను. అలా ఎలా వచ్చిందో నాకే తెలియదు. అత్త నా మోకాలి మీద ఒక్కటి వేసింది. దుప్పట్లోంచి లేచి కూర్చుని, నా ఒకటో తరగతి వాచకంలో నేర్చుకున్న ఇంగ్లీషుతో ఫోన్‌కేసి చూస్తూ, "నో. దట్ డే ఐ కెనాట్ రీడ్. ఐ టెల్ మై ఓన్ స్టోరీ. వెరీ సారీ" అంది.

అటువైపు ఆమె ముందున్న కాగితాల దొంతర మీద చెయ్యి పెట్టింది. నా కథ మీద పుస్తకంలో ఒక అధ్యాయమే రాసుకున్న మనిషి. శాలువా, సభ, పేరు అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయని నేను లెక్కేసుకుంటున్నాను. అప్పుడామె కళ్ళజోడు తీసి తుడుచుకుని, నెమ్మదిగా అంది: పాత సినిమాలు చూశామని చెప్పేవాళ్ళు నాకు చాలామంది దొరికారు. ఏది చూశారో ఏది చూడలేదో విడదీసి చెబుతామన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. చెప్పండి అమ్మమ్మా, చూసింది మాత్రమే చెప్పండి.

అత్త చెప్పింది. ఈసారి గంటా పావు పట్టలేదు, ఇరవై నిమిషాల్లో అయిపోయింది. కొట్టు. కింద పడున్న ముసలాయన, అతని ఎడమ చెప్పు ఊడిపోయి ఉంది. సుత్తి. అతన్ని పట్టుకుపోవడం. మూట. చొక్కా. నెత్తురు మరకా అని అటునుంచి అడిగితే, "నలుపూ తెలుపూ సినిమాలో రంగు నాకెలాగ తెలుస్తాది? మరక అని రాసుకో. నెత్తురని నాను సెప్పినాను" అంది. జడ్జీ పెదాలు కదిలాయి. ఏమన్నాడు? "తెల్దు." గేటు. సందు. ఆవిడ ఒక్కతీ నడుస్తోంది. ఇంటికా? "నడుస్తన్నాది. ఎక్కడికో తెల్దు." తెలియదు అన్న ప్రతిచోటా నేను తెలియదనే చెప్పాను. అలా చెప్పిన ప్రతిసారీ నేను మెర్దేకా రోజు చూసిన సినిమాలో ఒక్కో ముక్క చెదిరిపోతూనే ఉంది. చివరికి మిగిలింది కొంచెమే. ఆ కొంచెం గట్టిగా ఉంది. పుస్తకంలో ఆ కొంచెమే వేస్తారట, కింద మా అత్త పేరుతో. నేను పంపిన కాగితాలు చింపేయమని నేనే రాశాను.

పోవడానికి తొమ్మిది రోజుల ముందు నేను బంటింగ్‌లోనే ఉన్నాను. ఎండ పడుతున్న కిటికీ పక్కన అత్తకి గంజి పడుతున్నాను. రెండు చెంచాలు తాగి చాలంది. "ఒలే, ఇంకోటి ఉన్నాది. ఆ పిల్లకి సెప్పడం మరిసిపోనాను. మరుపు కాదు. నా కథలో అది ఇమడలేదని ఆ పొద్దే తీసి పారీసినాను, అందుకని గేపకం రాలేదు. నిన్న వచ్చినాది. రాసుకో" అంది. పక్కనున్న మందుల చీటీ తిప్పి పట్టుకున్నాను.

"సివర్న ఆయమ్మ సందులో నడుస్తాది గదా. నడిసే ముందర కూసింతసేపు ఊరికే నిలబడి ఉంటాది. అప్పుడు బొమ్మ కింద అంచున, మట్టి మీద ఒక నీడ పడినాది. కథలో మనిసిది కాదు. ఆ సందులో ఇంకెవుళ్ళూ నేరు. పాదాల దాకా లంగా, గాలికి ఆడతా ఉన్నాది."

"అత్తా, అది ఆవిడే. తీసినావిడ. సినిమా తీసే యంత్రం పక్కన నిలబడి ఉంటాది" అన్నాను. రాసేశాను కూడా.

"సూసినావా?" అంది అత్త.

కొట్టేశాను.

"నీడ అని రాయి. ఆడమనిసి నీడ. ఎవుర్దో రాయకు. సదివినోళ్ళు ఆళ్ళే అనుకుంటారు." కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకుని చెంచా కడగడానికి లేచాను. "ఆ నీడ సెయ్యి ఎత్తినాది" అంది, కళ్ళు మూసుకునే. "ఇలాగ. రా, రా అన్నట్టు. అప్పుడు ఆయమ్మ నడిసినాది."

దుప్పటి మీద అత్త చెయ్యి లేచి, రెండుసార్లు మెల్లగా ఊగి, మళ్ళీ దిగింది.